బావతో కర్నూలు చేలల్లో అడవి రామదాసు కోసం

కర్నూలు వైపు పిట్టల కోసం వెళ్తున్నానంటే తెలిసినవాళ్లు ముందుగా అడిగేది బట్టమేక గురించే, అదే గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అనే పెద్ద పిట్ట. అక్కడి రోళ్లపాడు అభయారణ్యం పేరు బయటికి తెలిసిందే దానివల్ల. నేను వెళ్లింది మాత్రం కరెంటు తీగ మీద కూర్చుని, బస్సులో పోయే ప్రతి ఒక్కరి కంటా పడి, ఎవరి లెక్కలోకీ రాని ఒక చిన్న తెల్ల గద్ద కోసం. పాత పక్షి శాస్త్రజ్ఞులు రాసిపెట్టిన తెలుగు పేరు అడవి రామదాసు. ఇప్పటి కెమెరావాళ్లు బ్లాక్ వింగ్డ్ కైట్ అంటారు. కాకి కంటే చిన్నది, బరువు పావు కిలోకు అటూ ఇటూ. ఒంటి పైభాగం బూడిద రంగు, కింద తెలుపు, భుజాల మీద నల్లటి పట్టీ, కన్ను ఎరుపు. ఆ ఎరుపు తెలిసేలా ఒక ఫొటో, గాల్లో నిలబడి రెక్కలాడిస్తున్నది ఇంకొకటి, ఈ రెండూ నాక్కావాలి.

సంక్రాంతి వెళ్లిన వారం సెలవు దొరికింది. అక్కావాళ్లుండేది కర్నూల్లో. బావకు ఎరువులు, పురుగుమందుల కొట్టు. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన్ని తెలియని రైతు లేడు, సగంమంది ఆయనకు బాకీ. కొట్లో ఎలుకల మందు కూడా అమ్ముతాడు. నేను వెతికే గద్దకు ముఖ్యమైన తిండి ఎలుకే. అందుకని ప్రయాణమంతా మా ఇద్దరికీ దీని మీదే వాదన.

శుక్రవారం సాయంత్రం, కర్నూలు

కొండారెడ్డి బురుజు దగ్గర దిగేసరికి ఎండ చల్లబడుతోంది. బావ స్కూటరేసుకుని వచ్చాడు. నా భుజానున్న సంచీ బరువు చూసి, "ఏమప్పా, ఫిరంగి తెస్తివా?" అన్నాడు. అది హైదరాబాదులో అద్దెకు తీసుకున్న లెన్సు, రోజుకు 750 రూపాయలు. "గద్దను చూసేకి అద్దె గూడనా!" అని అక్కడున్న టీ బండివాడికి కూడా చెప్పి నవ్వించాడు. టీ 10 రూపాయలు. బండివాడు మాత్రం లెన్సులోంచి బురుజు జెండా చూస్తానని అడిగి చూసి, మా దగ్గర డబ్బులు తీసుకోలేదు.

బురుజు పైన గద్దలు తిరుగుతున్నాయి. అవి మామూలు ఊరి గద్దలు. బావకు అక్కడే మొదలుపెట్టాను. ఎగిరే గద్దను గుర్తుపట్టాలంటే ముందు రంగు చూడకూడదు, ఎండకు ఎదురుగా ఉంటే అన్నీ నల్లగానే కనిపిస్తాయి. తోక చూడాలి. ఊరి గద్ద తోక చివర కొద్దిగా చీలి ఉంటుంది, తిరిగేటప్పుడు ఆ తోకను పక్కలకు మెలితిప్పుతుంది. అక్కడినుంచి హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసే వైపు వెళ్లాం. నీళ్ల మీద ఇంకో గద్ద వచ్చింది. తలా రొమ్మూ తెలుపు, మిగతా ఒళ్లంతా ఇటుక రంగు, తోక చివర గుండ్రం. అది గరుడపక్షి. మెట్ల మీద బట్టలు పిండుతున్న ఒక పెద్దావిడ చేతిలో చీర వదిలేసి రెండు చెంపలూ వేసుకుంది. మనం చెప్పకుండానే ఆవిడ గుర్తుపట్టేసింది, అంత దూరం నుంచి, అద్దాలు లేకుండా.

"నేను ఇన్నేండ్లూ రెండూ ఒకటే అనుకుంటిని," అన్నాడు బావ.

రాత్రి అక్క పెద్ద పెద్ద జొన్నరొట్టెలు చేసింది. గుత్తొంకాయ, బుడ్డల పొడి, పెరుగు. పండక్కి చేసిన నువ్వుల సజ్జరొట్టెలు ఇంకా డబ్బాలో ఉన్నాయి, గట్టిగా, కొరికితే చప్పుడయ్యేలా. దారికి అవి నాలుగు కట్టిచ్చింది. కెమెరాకు ఆనుకోవడానికి పాత దిండు గలీబు ఒకటి కోసి చిన్న సంచీ కుట్టి, దాన్లో నూకలు నింపింది. బజారులో దీన్ని బీన్ బ్యాగ్ అని పేరు పెట్టి వందల్లో అమ్ముతారు.

శనివారం పొద్దున, నందికొట్కూరు దావ

ఐదింటికే బయల్దేరాం. బావ ఆల్టో, డ్రైవరు బావే. గార్గేయపురం చెరువు దగ్గర మంచు లేవలేదు, నీటికోళ్ల చప్పుళ్లు వినడమే తప్ప కనబడింది లేదు. ఆగకుండా పోయాం.

తెల్లారాక తీగలు మొదలయ్యాయి. రాయలసీమలో పిట్టలు చూడాలంటే అడవికంటే కరెంటు తీగే మేలనిపిస్తుంది. పాలపిట్ట, ఏట్రింత (నల్లటి డ్రాంగో), గువ్వలు, మధ్యలో ఎక్కడో ఒక గద్ద. కారు పోతున్న వేగంలో ఏది ఏదో పట్టుకోవడానికి నాకున్న గుర్తు ఒకటే. తెల్లగా కనిపించే పిట్ట, కూర్చున్నచోటే తోకను పైకెత్తి దించుతూ ఉంటే అది అడవి రామదాసే. కొత్తగా వచ్చి వాలినప్పుడైతే ఇది మరీ ఎక్కువ. తల చూస్తే గుడ్లగూబ పోలిక తెలుస్తుంది, కళ్లు రెండూ ముందువైపుకు ఉంటాయి. కంటి చుట్టూ నల్ల మరక ఉండడం వల్ల దూరానికి కాటుక కళ్లలా ఉంటుంది.

మొదటిది ఒక మొక్కజొన్న చేను పక్కన కనబడింది. బావ బ్రేకు వేశాడు, అది లేచిపోయింది. రెండోదానికి కారు మెల్లిగా ఆపి ఇంజను ఆపేశాడు, అది కూర్చునే ఉంది. వెంటనే ఆయన తలుపు తీశాడు, అది పోయింది. కారును ఈ గద్ద పట్టించుకోదు. కారులోంచి బయటికొచ్చే కాలును చూస్తే మాత్రం ఒక్క క్షణం ఉండదు. అందుకే ఫొటో అంతా కారు కిటికీలోంచే తియ్యాలి. ఈ సంగతి చెప్పాక బావ ఆ పూటంతా తలుపు ముట్టుకోలేదు, టీ కూడా కిటికీలోంచే తాగాడు.

నందికొట్కూరులో టిఫిన్. బస్టాండు దగ్గరి చిన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జి, ఇద్దరికీ 80 రూపాయలు. కోస్తావాళ్లు ఉగ్గాని అంటే బొరుగుల ఉప్మా అని తేలిగ్గా తీసిపారేస్తారు. తడిపిన బొరుగులు చేత్తో గట్టిగా పిండాలి, లేకపోతే ముద్దవుతాయి. ఇక్కడ ఆ పని చేసేది ఒక ముసలామె. పెద్ద తపేలాలో బొరుగులు ముంచి, దోసిళ్లతో తీసి, పిండి, పక్క పళ్లెంలోకి విదిలిస్తోంది. ఆపకుండా, ఎవరితోనో కోడలి సంగతి మాట్లాడుతూనే. పోపులో ఉల్లిగడ్డ, టమాట, పసుపు, పైన పప్పుల పొడి. బజ్జిని చిదిమి ఉగ్గానిలో కలుపుకోవాలని పక్క బల్లవాళ్లు నాకు గట్టిగానే చెప్పారు.

హోటలు వెనక వేపచెట్టులో ఇంకో బూడిద రంగు వేటపిట్ట కనబడింది. కన్ను ఎర్రగానే ఉంది. బావ "ఇదేగదా!" అని లేచాడు. కాదు, అది జాలె డేగ, షిక్రా. రొమ్ము మీద సన్నటి ఎర్రమట్టి రంగు అడ్డగీతలు ఉన్నాయి, తోక పొడుగు, తోక మీద పట్టీలు. భుజాల మీద నలుపు లేదు. అన్నిటికంటే ముఖ్యం, అది కొమ్మల లోపల దాక్కుని కూర్చుంది. అడవి రామదాసు అలా కూర్చోదు, నాలుగు దిక్కులూ కనబడే ఎండుకొమ్మ చివరో, తీగో, స్తంభమో కావాలి దానికి.

అక్కడినుంచి రోళ్లపాడుకు సరైన రోడ్డుంది. హోటల్లో కలిసిన బావ కొట్టు ఖాతాదారు ఒకాయన అడ్డదావ చెప్పాడు, "అర్ధగంట మిగుల్తాది సామీ." దావ బాగానే మొదలైంది. పత్తి చేలు, తర్వాత మిరప చేలు, తర్వాత దావ సన్నబడి ఎద్దుల బండి జాడలు మిగిలాయి. చివరికి ఒక వంక అడ్డం వచ్చింది, కాలవ నీళ్లు పారుతున్నాయి, మోకాటి లోతు. ఎదురుగా వచ్చిన ట్రాక్టరాయన మమ్మల్ని, లెన్సునూ చూసి, "సోలారోళ్లా?" అని అడిగాడు. ఆ అడగడం ఊరికే కాదు. గని, శకునాల ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో మొదలైంది. అప్పట్నుంచీ భుజాన ఏదన్నా యంత్రం మోసుకుని చేలల్లో తిరిగేవాడెవడైనా భూమి కోసం వచ్చాడనే లెక్క. గద్ద కోసమంటే నమ్మలేదు. బావ కొట్టు పేరు చెప్పాక నమ్మాడు. వెనక్కి తిప్పడానికి చోటు లేకపోతే తనే ట్రాక్టరు పక్కకు దించి దారిచ్చాడు, కొడుకును కారు ముందు నడిపించి రోడ్డెక్కించాడు. డబ్బులివ్వబోతే పిల్లాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

అయితే ఆ వంక దగ్గరే నాకు కావలసినది ఒకటి దొరికింది. తుమ్మచెట్ల పైన ఒక పిట్ట గాల్లో ఒకేచోట నిలబడి రెక్కలాడిస్తోంది. అడవి రామదాసు కాదు, తొండల డేగ, కెస్ట్రెల్. ఈ ప్రాంతంలో గాల్లో నిలబడి వేటాడే చిన్న గద్దల్లో తికమక పెట్టేవి ఈ రెండే. తొండల డేగ ఒళ్లు ఇటుక రంగు, రెక్కల చివర్లు మొన తేలి ఉంటాయి, పొడుగు తోకను పూర్తిగా విప్పి విసనకర్ర చేసి నిలబడుతుంది, ఆ తోక చివర నల్ల పట్టీ. అడవి రామదాసు తోక పొట్టి, చదరంగా ఉంటుంది, నిలబడ్డప్పుడు రెక్కలు భుజాలకు పైగా ఎత్తి ఆడిస్తుంది, కాళ్లు కిందికి వేలాడతాయి.

శనివారం మాపు, రోళ్లపాడు

రోళ్లపాడు అభయారణ్యం మిడుతూరు మండలంలో ఉంది, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. 1988లో బట్టమేక కోసం ప్రకటించారు, విస్తీర్ణం 614 హెక్టార్లు. అభయారణ్యం అనగానే చెట్లు ఊహించుకునేవాళ్లకు ఇక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. నడుములోతు ఎండుకసువు, అక్కడక్కడ తుమ్మ, చుట్టూ చేలు. అంతే. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఇక్కడ మకాం పెట్టి బట్టమేక మీద పరిశోధన చేశారు. తర్వాత కాలవ నీళ్లొచ్చాయి, జొన్న, కొర్ర పోయి వేరే పంటలొచ్చాయి, మనుషుల రాకపోకలు పెరిగాయి. పదిహేను కిలోల దాకా తూగే మగ బట్టమేకకు కావలసింది అలజడి లేని కసువు బయలు, అది మిగల్లేదు.

ఇప్పుడు ఇక్కడ ఎక్కువ కనబడేది కృష్ణజింక. బయట ఊళ్లలో దాని మీద ప్రేమ లేదు. అనుమతి కోసం ఎదురుచూస్తుంటే గేటు దగ్గర ఒకాయన బావతో గొడవ పెట్టుకున్నాడు, జింకలు శనగ మేస్తున్నాయని, మందేమైనా ఉందా అని. "జింకకు మందు అమ్మితే నన్ను జైల్లో ఏస్తారప్పా" అన్నాడు బావ. ఆ మనిషి నవ్వలేదు. రాత్రిళ్లు చేన్లోనే మంచమేసుకుని పడుకుంటున్నాడట. అతని కోపం న్యాయమైనదే.

కాపలా చూసే మనిషి మమ్మల్ని ఒక గట్టు మీద కూర్చోబెట్టి, సద్దు చెయ్యొద్దన్నాడు. పొద్దు వాలేకొద్దీ పిల్లి గద్దలు రావడం మొదలుపెట్టాయి, హారియర్లు. మధ్య ఆసియా నుంచి చలికాలం గడపడానికి వస్తాయి, పగలంతా చేల మీద తిరిగి రాత్రికి ఈ కసువులో నేల మీద పడుకుంటాయి. ఒకటి, తర్వాత మూడు, తర్వాత లెక్కపెట్టడం వదిలేశాం. కసువు మీద రెండు మూడడుగుల ఎత్తులో, రెక్కలు వి ఆకారంలో ఎత్తిపట్టి, అటు ఒరిగి ఇటు ఒరిగి తేలుతూ వస్తాయి.

నాలాంటివాడికి చిక్కు ఇక్కడే. మగ హారియర్ కూడా బూడిద, తెలుపు. దానికీ నలుపు ఉంది. అడవి రామదాసు కూడా తేలేటప్పుడు రెక్కలు వి ఆకారంలో ఎత్తుతుంది. మసక వెలుతురులో, 200 గజాల దూరంలో, రెండూ ఒకే ఫ్రేములోకి వస్తే ఏది ఏది? నలుపు ఎక్కడుందో చూడాలి. మాంటేగ్యూ హారియర్ మగదానికి రెక్కల చివర్లు నలుపు, రెక్క మీద అడ్డంగా నల్లగీత కూడా ఉంటుంది. ప్యాలిడ్ హారియర్‌కు చివర్లలో సన్నటి నల్ల మొన. అడవి రామదాసుకు పైనుంచి చూస్తే నలుపు భుజం మీద. కిందనుంచి చూస్తే మాత్రం దాని రెక్కల చివర్లు కూడా ముదురుగానే ఉంటాయి, అక్కడే తప్పులు జరుగుతాయి. అప్పుడు తోక చూడాలి. హారియర్ తోక పొడుగు, దీనిది పొట్టి.

ఫొటోల పరంగా ఆ సాయంత్రం దండగ. వెలుతురు లేదు, పిట్టలు దూరం. చూడ్డానికి మాత్రం నా వరకు ఈ ప్రయాణంలో అదే గొప్ప గంట. కాపలా మనిషి బీడీ ఆర్పేసి బావను అడిగాడు, "మీ కొట్లో దోమల మందు దొరుకుతాదా?"

రాత్రి బావ తెలిసినవాళ్ల ఇంట్లో పడక. రాగి సంగటి, నాటుకోడి పులుసు. మేం మొహమాటపడితే ఆ ఇంటాయన సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి తనే నెయ్యి పోశాడు. "పిట్టల కోసం ఇంత దూరమొస్తిరి, కోడిని వద్దంటే ఎట్ల?" అన్నాడు. జవాబు లేదు.

ఆదివారం, శనగ చేను

ఆ ఇంటాయనకు ఊరి బయట నల్లరేగడిలో శనగ ఉంది, కాయ దశ. పచ్చపురుగు కోసం చేనంతా టి ఆకారంలో కర్రలు పాతాడు. వాటిమీద ఏట్రింతలు, గోరింకలు వాలి పురుగుల్ని ఏరుకుంటాయి, వ్యవసాయ శాఖవాళ్లు చెప్పే చిట్కానే. గట్టు పక్కన పాతిన వెదురు మిగతావాటికంటే ఎత్తు. "తెల్ల గద్ద దినామూ ఆడ్నే కూసుంటాది" అని ఆయన రాత్రే చెప్పాడు. నేను తీగల వెంట తిరిగిందంతా వదిలేసి ఆ వెదురు దగ్గరే పొద్దు పొడవకముందు కారు పెట్టుకున్నాం.

ఎక్కడ పెట్టాలన్నదే అసలు కీలకం. గాల్లో నిలబడే పిట్ట ఎప్పుడూ గాలికి ఎదురుగానే ముఖం పెడుతుంది. జనవరిలో ఇక్కడ గాలి తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది. పొద్దున ఎండా తూర్పునుంచే. కాబట్టి చేనుకు తూర్పు గట్టు మీద, సూర్యుణ్ణి వీపుకు పెట్టుకుని ఆగితే, గద్ద మనవైపు చూస్తూ, ముఖం మీద ఎండ పడుతూ నిలబడుతుంది. సాయంత్రమైతే గాలి తూర్పునే ఉంటుంది కానీ ఎండ పడమటికి పోతుంది, ముఖం నీడలో పడుతుంది. చాలామంది సాయంత్రపు బంగారు వెలుతురు అని పరిగెత్తుతారు గానీ, ఈ పిట్టకు, ఈ కాలంలో, పొద్దున ఏడు నుంచి తొమ్మిదే. తొమ్మిది దాటితే నల్లరేగడి మీద వేడి గాలి వణుకుతుంది, ఎంత ఖరీదైన లెన్సైనా ఈకల అంచులు కరిగినట్టే వస్తాయి.

రెండోది వెలుతురు కొలత. తెల్ల పిట్ట వెనక నల్లటి నేల ఉంటే కెమెరా ఫ్రేమంతా చీకటనుకుని పిట్టను సున్నం చేసేస్తుంది, రొమ్ము మీద ఒక్క ఈక కూడా కనబడదు. అదే పిట్ట లేచి ఆకాశంలోకి వెళితే తారుమారు, పిట్ట నల్లబడుతుంది. నేను కెమెరాను మాన్యువల్‌లో, అంటే కొలత మనమే పెట్టుకునే పద్ధతిలో పెట్టి, పిట్ట మీద పడే ఎండకు తగ్గట్టు ఒకసారి సరిచేసుకుని, వెనక ఏముందన్నది మర్చిపోయాను. ఎండ మారేదాకా ఆ కొలత మారదు. షట్టర్ వేగం సెకనులో 1/2500 వంతు. కూర్చున్నప్పుడు 1/800 చాలు, కానీ కూర్చున్నది లేవడానికి నోటీసివ్వదు.

ఏడూ పది ప్రాంతంలో వచ్చింది. వెదురు మీద వాలి, తోక ఎత్తి దించి, ఎత్తి దించి, మమ్మల్ని చూసింది. ఆ కన్ను పండిన దానిమ్మ గింజ. నూకల సంచీ మీద లెన్సు, దాని వెనక నేను, నా పక్కన ఊపిరి బిగపట్టిన బావ. పసుపు కాళ్లు, ముక్కు మొదట్లో పసుపు, చివర నలుపు. వీపు మీద ఈకలు పట్టులా నున్నగా, అంచులు ఒకే రంగు. అంటే పెద్దదే. ఈ ఏటి పిల్లలైతే వీపు ఈకలకు లేత అంచులుంటాయి, రొమ్ము మీద గోధుమ ఛాయ, కన్ను ఇంకా ఎర్రబడదు.

తర్వాత అది లేచింది. చేను మధ్యలో, మనిషికి అయిదింతల ఎత్తులో నిలబడి కిందికి చూస్తూ రెక్కలాడించింది. కొంచెం దిగి మళ్లీ ఆగింది. ఇంకొంచెం దిగింది. చివరికి రెక్కలు రెండూ పైకెత్తి, కాళ్లు చాపి, నిట్టనిలువునా చేన్లోకి దిగిపోయింది. శనగ మొక్కల్లో ఏమీ కనబడలేదు కాసేపు. బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు, ఫొటో కదిలింది. లేచేటప్పుడు గోళ్లలో ఎలుక. వెదురు మీదికొచ్చి కాలితో నొక్కిపట్టి తలవైపు నుంచి మొదలుపెట్టింది. తినడం అయిదారు నిమిషాల్లో అయిపోయింది, తోక చివరిదాకా.

"దినానికి ఎన్ని తింటాది?" అన్నాడు బావ.

పిల్లలున్నప్పుడు ఎక్కువ, లేనప్పుడు ఒకటో రెండో ఉంటుందన్నాను. ఆయన మనసులో లెక్క వేస్తున్నాడని తెలుస్తూనే ఉంది. అప్పుడు మందుల సంగతి ఎత్తాను. ఆయన చెప్పింది నాకు కొత్త. రైతులు వాడేవి ముఖ్యంగా రెండు. జింక్ ఫాస్ఫైడ్, 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు కలిపి పొట్లాలు కట్టి బొరియల్లో వేస్తారు, ఎలుక కొద్ది గంటల్లో చస్తుంది. రెండోది బ్రోమోడయోలోన్, తిన్న ఎలుక వెంటనే చావదు, రక్తం గడ్డకట్టక నాలుగైదు రోజులకు చస్తుంది. ఆ నాలుగైదు రోజులూ మందు ఒంట్లో పెట్టుకుని, మత్తుగా, పట్టపగలు చేన్లో తిరుగుతుంది. పైన గాల్లో నిలబడి చూసే గద్దకు అంతకంటే తేలిక వేట ఉండదు. అలా తిన్న గద్దలకూ గుడ్లగూబలకూ అదే మందు పని చేస్తుందన్నది చాలా దేశాల్లో రుజువైన సంగతి.

బావ వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి, "రెండోదే ఎక్కువ పోతాది. ఎలుకకు అనుమానం రాదని" అన్నాడు. కారు దగ్గరికొచ్చిన ఆ ఇంటాయనతో, చచ్చిన ఎలుకల్ని గట్టు మీద పారెయ్యకుండా పూడ్చమని చెప్పాడు. ఆయన, "పూడ్సేకి మనిషికి కూలి నువ్విస్తావా?" అని అడిగాడు. కూలి రేటు మీద ఇద్దరికీ పెద్ద చర్చ నడిచింది. మజ్జిగ చెంబు వచ్చేదాకా ఆగలేదు.

తొమ్మిదింటికి ఇంకొకటి వచ్చింది, నోట్లో పుల్ల. గట్టు అవతలి తుమ్మచెట్టు వైపు పోయింది. జత గూడు కడుతోందన్న మాట. అటువైపు కారు తిప్పుదామని బావ ఉత్సాహపడ్డాడు, నేనొద్దన్నాను. గూడు ఇంకా కడుతుండగా జనం తిరిగితే అవి దాన్ని వదిలేసి పోతాయి. గూడు దగ్గర తీసిన ఫొటోలకు పిట్టల ఫొటోగ్రాఫర్లలో ఈ మధ్య మర్యాద కూడా తగ్గింది, అది మంచిదే. చెట్టున్న చోటు ఎవరికీ చెప్పొద్దని ఇంటాయనకు చెబితే, "మాకెందుకప్పా, మా చేన్లో ఎలకలు తింటాది, మేమే కావిలి" అన్నాడు.

బయల్దేరేటప్పుడు వాళ్లావిడ సంచీడు పచ్చి శనగకాయలు కారులో పెట్టింది. దారంతా ఒలుచుకుని తిన్నాం.

సోమవారం, లెక్కలు, ఫొటోలు

ఖర్చు పెద్దగా లేదు. పెట్రోలు 1100, బావ తీసుకోనంటే అక్క తీసుకుంది. దారిలో టీలు, టిఫిన్లు అన్నీ కలిపి 400 దాటలేదు. లెన్సు అద్దే అందరికంటే ఎక్కువ మింగింది. మీరు వెళ్తే డిసెంబరు నుంచి ఫిబ్రవరి మొదటిదాకా మేలు, హారియర్లూ ఉంటాయి, శనగ చేలూ ఉంటాయి. అడవి రామదాసుకైతే కాలంతో పని లేదు, ఏడాదంతా ఉంటుంది. 400 ఎంఎం లెన్సుంటే కారులోంచి సరిపోతుంది. అంతకంటే ముఖ్యం, డ్రైవరు తలుపు తియ్యకూడదు.

ఫొటోలన్నీ కంప్యూటరులో వేసి వడకట్టాం. వందల్లో ఉన్నాయి, నిలిచినవి పదకొండు. కన్ను ఎరుపు తెలిసేది ఒకటి, గాల్లో నిలబడి ముఖాన ఎండ పడినవి మూడు, ఎలుకతో ఉన్నవి కొన్ని. బావ మోచెయ్యి పట్టుకున్నప్పటిది అక్కకు చూపించి నవ్వాం, గద్దకు బదులు అయిదు తెల్ల గీతలున్నాయి.

ఒక్క ఫొటో దగ్గర మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. శనివారం మాపు రోళ్లపాడు కసువు మీద తీసింది. గింజలు గింజలుగా ఉంది, పిట్ట మావైపు పొట్ట పెట్టి ఒరిగింది, భుజాల పైభాగం కనబడదు. నేను మగ హారియర్ అంటాను, ఎందుకంటే అంత కిందుగా కసువు మీద తేలుతోంది. బావ తోక దగ్గరికి జూమ్ చేసి, స్కేలు పెట్టి, రెక్క పొడుగుతో పోల్చి చూపించాడు. "తోక చూడమంటివి గదా. చూడు మరి, పొట్టి. ఇది మన గద్దే." తోక విప్పకపోతే పొట్టిగానే కనబడుతుందన్నాను. విప్పినా మూసినా పొడుగు మారదన్నాడు. అక్క అన్నం పెట్టి రెండుసార్లు పిలిచింది. ఆ ఫొటో ఇంకా పేరు లేకుండానే ఉంది.